ఫోన్ పెట్టేసుడు ముందు నేర్పు

హన్మకొండ

అల్లుడా,

జమ్మికుంట మిల్లుల ఇంటర్‌కామ్ మీద కంప్యూటర్లను ఫోన్ తీగతోని కలిపే రెండు పాత మోడెమ్‌లను మాట్లాడిస్తనంటే మీ అత్త నవ్వింది. నేనైతే అటకెక్కి నా పాత నోట్‌బుక్కు దించిన.

మోడెమ్ బయట పెట్టే డబ్బా అయితేనే చెయ్యి పెట్టు. లోపలి కార్డుల్ల విన్‌మోడెమ్ దొరికిందనుకో, దాని పనంత కంప్యూటర్ల ఉండే డ్రైవర్ సాఫ్ట్‌వేరే చెయ్యాలె, లినక్స్‌ల నీ ప్రాణం తీస్తది. డబ్బాకైతే 1981ల హేస్ స్మార్ట్‌మోడెమ్‌తోని వచ్చిన ఏటీ కమాండ్లే, అంటే ఏటీతోని మొదలయ్యే హుకుంలే, నడుస్తయి.

ఎకో కమాండ్‌తోని ఏటీజడ్ (మోడెమ్‌ను మొదటి తీరుకు తెచ్చే మాట) పంపితే ఉలుకు లేదు పలుకు లేదంటివి. దానికి మాట చివర క్యారేజ్ రిటర్న్ (ఎంటర్ గుర్తు) కావాలె, ఎకో పెట్టే ఒట్టి లైన్‌ఫీడ్ (కొత్త లైను గుర్తు) సరిపోదు. ఎకో బదులు ప్రింట్‌ఎఫ్ వాడి, చివర బ్యాక్‌స్లాష్ ఆర్ పెట్టు. పోర్టు తెరవనియ్యకుంటే నీ యూజర్‌ను పోర్టు వాడనిచ్చే డయలౌట్ గ్రూపుల కలుపు.

నీ స్క్రిప్టుల యాడ జూసినా స్లీప్ 5, స్లీప్ 30, అంటే అన్ని సెకన్లు ఊకె ఆగుడు. అవుతలోడు ఎత్తిండో లేదో చూడకుండ ముచ్చట మొదలువెట్టినట్టున్నది. అవన్ని తీసేసి, మోడెమ్ జవాబు చూసినంకనే తర్వాతి మాట పంపే చాట్ ప్రోగ్రామ్ వాడు. ఓకే వచ్చినంకనే ఏటీడీటీ (నంబర్ కలిపే మాట), కనెక్ట్ వచ్చినంకనే తర్వాతి మాట. బిజీ, నో క్యారియర్, నో డయల్‌టోన్ మూడింటిల ఏది వచ్చినా ఆగిపొమ్మని అబార్ట్ పెట్టి అన్నిటికంటే పైన రాయి. ఇంటర్‌కామ్ టోన్‌ను గుర్తువట్టక మోడెమ్ మొండికేస్తే ఏటీఎక్స్3 ఇయ్యి, టోన్ కోసం చూడకుండ నంబర్ తిప్పుతది. అవతలి మోడెమ్‌కు, ఎన్ని రింగులకు ఎత్తాల్నో చెప్పే ఎస్0 రిజిస్టర్‌ల 1 పెడితే మొదటి రింగుకే ఎత్తుతది.

ఇగ ఫోన్ పెట్టేసుడు. నా స్క్రిప్టు ఒకనాడు రాత్రి నడుమల్నే సచ్చింది గని లైను వదల్లే, తెల్లారేదాక మీటర్ తిరిగింది. ఆ నెల బిల్లు ముచ్చట మీ అత్త ఇంకా మర్వలే. పుస్తకాల పద్ధతి ఏందంటే, ఒక సెకను ఊకుండి, ఎంటర్ లేకుండ మూడు ప్లస్‌లు పంపి, మళ్ల ఒక సెకను ఊకుండి ఫోన్ పెట్టెయ్యమనే ఏటీహెచ్ అనాలె. మరి స్క్రిప్టే సచ్చినంక ఆ మాట చెప్పేటోడెవ్వడు? అందుకే ఏటీజడ్ తర్వాత ఏటీ ఆంపర్‌సాండ్ డీ2 ఇయ్యి, పోర్టు తీరు మార్చే ఎస్‌టీటీవై కమాండ్‌ల హప్‌సీఎల్ పెట్టు. పోర్టు మూతపడంగనే కంప్యూటర్ తయారున్నదని చెప్పే డీటీఆర్ సిగ్నల్ పడిపోతది, మోడెమ్ తనంతట తానే పెట్టేస్తది. నడుమల స్క్రిప్టును నువ్వే చంపి పరీక్ష చెయ్యి.

మోడెమ్ స్పీకర్ ఇప్పుడే మూయకు. ఆ కీచులాట యాడ ఆగిందో వింటే సగం తప్పు దొరుకుతది.

కంప్యూటర్‌ను మోడెమ్‌కు కలిపే 9 పిన్నుల నుంచి 25 పిన్నుల తీగ నా దగ్గరున్నది, ఆదివారం వచ్చినప్పుడు తెస్త.

మీ మామ