పీరియడ్ ప్లాన్ నేర్పాలంటే ముందు రికార్డు మూయించండి

ఛాత్రోపాధ్యాయులకు, అంటే బీఈడీ చదువుతూ బడుల్లో పాఠాలు చెప్పి నేర్చుకునేవాళ్లకు, పీరియడ్‌లో పాఠం ఎలా చెప్పాలో ముందే రాసుకునే ప్లాన్లు ఎన్ని నమూనాలు చూపించినా కాపీ కొడుతున్నారు, సొంతంగా రాయడం ఎలా నేర్పాలి అని ఒకరు అడిగారు. చూపిస్తున్నారు కాబట్టే కొడుతున్నారండీ.

నేను జిల్లా పరిషత్ హైస్కూల్లో లెక్కలు చెప్తాను. 2015లో బీఈడీ రెండేళ్లు అయినప్పటి నుంచి ఇంటర్న్‌షిప్ వాళ్లు మా బడిలో వారాల తరబడి ఉంటున్నారు. రాగానే సెలవులో ఉన్న టీచర్ల క్లాసులన్నీ వాళ్ల నెత్తిన పడతాయి. ఇక ప్లాన్ గురించి ఆలోచించే తీరికేది? అది వేరే గోడు.

ఒకమ్మాయి ఆరో తరగతికి భిన్నాల కూడిక చెప్పింది. ప్లాన్లు రాసే రికార్డు చూస్తే ముచ్చటేసింది. స్కెచ్ పెన్ను మార్జిన్లు, ఉన్ముఖీకరణ (పిల్లల్ని పాఠంవైపు తిప్పడం), లక్ష్యాలు, స్పష్టీకరణలు (లక్ష్యం నెరవేరితే పిల్లలు ఏం చేయగలరో చెప్పే వాక్యాలు), మూల్యాంకనం, అన్నీ ఉన్నాయి. సీనియర్ రికార్డులోంచి దించింది. ఆ సీనియర్ ఎవరి దాంట్లోంచి దించాడో! క్లాసులో ఒక పిల్లాడు బోర్డు మీద 1/2 + 1/3 = 2/5 అని వేశాడు. ఈమె గబుక్కున తుడిచేసి, 5/6 రాసి ముందుకెళ్లిపోయింది. పాపం, ప్లాన్‌లో విద్యార్థి స్పందన గడిలో ఎప్పుడూ ఒప్పు జవాబులే ఉంటాయి మరి.

మైక్రో టీచింగ్‌తోనూ ఇదే చిక్కు. ఒక్కో బోధనా నైపుణ్యాన్ని కొద్ది నిమిషాల చిన్న పాఠంతో సాధన చేయించే పద్ధతి అది, 1960ల్లో స్టాన్‌ఫర్డ్‌లో మొదలైంది. మన కాలేజీల్లో తోటి ఛాత్రోపాధ్యాయులే పిల్లల్లా కూర్చుంటారు. వాళ్లలో ఒక్కరైనా 2/5 అంటారా?

సాయంత్రం రికార్డు పక్కన పెట్టించి, ఆ క్లాసు నోట్‌బుక్కులు తెప్పించాను. ఏ రకం తప్పుకి ఆ రకం దొంతర పేర్చమన్నాను. 2/5 దొంతరే పెద్దది. "ఇది తప్పని నువ్వు చెప్పకుండా వాళ్లకే ఎలా తెలుస్తుందమ్మా?" అన్నాను, అంతే. మర్నాడు 30 సెంటీమీటర్ల కాగితం పట్టీలు కత్తిరించి తెచ్చింది. సగం 15, మూడో వంతు 10, పక్కపక్కన పెడితే 25. తర్వాత 2/5 కొలవమంది, 12 వచ్చింది. "కలిపితే సగంకంటే తగ్గిందేంటి టీచర్?" అని నిన్నటి పిల్లాడే అరిచాడు.

ఆ రోజు ఆమె రాసుకున్న ప్లాన్ అరపేజీ. ఏం చేయించాలి, ఏ తప్పు రావచ్చు, వస్తే ఏం అడగాలి, చివర్లో ఏ లెక్క ఇవ్వాలి, ఇవే. నా మట్టుకు నాకు ప్లాన్‌కి ఇంతకుమించి అక్కర్లేదు.

ఆ వారమే కాలేజీ నుంచి పరిశీలనకు వచ్చినాయన అరపేజీ చూసి "స్పష్టీకరణలు ఏవమ్మా?" అన్నారు. పిల్లల నోట్‌బుక్కు ఒక్కటీ తెరవలేదు. ఆమె మళ్లీ నాలుగు పేజీలు నింపి తెస్తే, సంతకం వాటి మీదే పెట్టారు.