పిల్లల తోటపని క్లబ్ పెట్టండి, ఆదివారం పొద్దున మాత్రం పెట్టకండి

ప్రశ్న: మా అపార్ట్‌మెంట్‌లో పిల్లలు, పెద్దలు కలిసి చేసుకునేలా తోటపని క్లబ్ మొదలుపెట్టాలనుకుంటున్నాం. ఏ మొక్కలతో మొదలుపెట్టాలి? ఫీజు పెట్టాలా? ఎలా నడపాలి?

జవాబు: మాది హైదరాబాద్‌లో బాచుపల్లి వైపు. కొన్నేళ్లుగా మా మేడ మీద ఇలాంటిదే నడుపుతున్నాం. మొక్కల సంగతి తర్వాత, ముందు టైమ్ సంగతి చెబుతాను. ఎందుకంటే దీన్ని ఎవరూ పట్టించుకోరు.

ఎవరు క్లబ్ పెట్టినా ఆదివారం పొద్దున పదింటికే పెడతారు. మా అసోసియేషన్ పెద్దలూ అదే ఖాయం చేశారు. పదింటికి మేడ మీద ఎండ మాడ్చేస్తుంటుంది. సగంమంది పిల్లలు అబాకస్‌కో కరాటేకో పోతారు, మిగతా సగం ఇంకా పళ్లు తోముకుంటూ ఉంటారు. వచ్చిన కొద్దిమందిని వాళ్ల అమ్మలు తొట్టి పక్కన నిలబెట్టి, చేతికి నీళ్ల మగ్గు ఇచ్చి, ఫొటో తీసి వాట్సాప్ స్టేటస్‌లో పెట్టి కిందికి తీసుకెళ్లిపోతారు. ఆ మగ్గులో నీళ్లు కూడా ఉండవు ఒక్కోసారి.

దీన్ని మార్చింది నేను కాదు, సొరపాదు.

జూన్ వానలకు నీలం ప్లాస్టిక్ డ్రమ్మును సగానికి కోయించి అందులో సొర గింజలు పెట్టాం, పాదు తీగల పందిరి ఎక్కింది. వినాయక చవితి దగ్గర పడేసరికి పందిరి నిండా తెల్లటి పూలే. పిల్లలు రోజూ వచ్చి పిందెలు లెక్కపెట్టుకునేవాళ్లు. వేలి కొస అంత పిందె, ఒళ్లంతా తెల్లటి నూగు, చివర వాడిన పువ్వు. నాలుగు రోజులు తిరిగేసరికి ఆ పిందె పసుపు రంగుకు తిరిగి, మెత్తబడి, రాలిపోయేది. అన్నీ అంతే. మూడో అంతస్తు ఆంటీ ఇది కచ్చితంగా దిష్టే అని తేల్చేసి, పందిరికి పాత చెప్పు ఒకటి కట్టించారు. ఇంకొకాయన బజారు నుంచి ఏదో మందు తెచ్చి కొడతానని బయల్దేరితే ఆపడానికి నా తల ప్రాణం తోకకొచ్చింది.

అసలు సంగతి ఏంటంటే సొరపాదుకు మగపూలు వేరు, ఆడపూలు వేరు. ఆడపువ్వు కింద పుట్టుకతోనే బుల్లి పిందె ఉంటుంది, మగపువ్వుకు ఉత్త కాడే. పైగా ఈ పూలు సాయంత్రం చీకటి పడే వేళకు విచ్చుకుంటాయి, పొద్దున్నకల్లా వాడిపోతాయి. ఊళ్లో అయితే రాత్రిపూట తిరిగే రెక్కల పురుగులు పుప్పొడి మోసే పని చూసుకుంటాయి. ఐదంతస్తుల పైన, చుట్టూ అన్ని లైట్ల మధ్య అవెక్కడ వస్తాయి? నా ఉద్దేశంలో సిటీ మేడల మీద సొర, బీర కాయకపోవడానికి నూటికి తొంభై పాళ్లు ఇదే కారణం. ఎరువు తక్కువై కాదు. ఎరువు అమ్మేవాళ్లు ఒప్పుకోరు, అది వేరే విషయం.

మా దగ్గర ఏడో తరగతి పిల్లాడు ఒకడున్నాడు. పరాగ సంపర్కం పాఠంలో ఫుల్ మార్కులు తెచ్చుకున్నాడు, కేసరాలు (పుప్పొడి ఉండే మగభాగం), కీలాగ్రం (పుప్పొడి అందుకునే ఆడభాగం) అంటూ బొమ్మ గీసి గడగడా చెప్పేస్తాడు. నిజం పువ్వు చేతికిచ్చి ఇందులో కీలాగ్రం ఏదిరా అంటే బిక్కమొహం వేశాడు. వాడి తప్పేం లేదు పాపం, వాడు గీసిన బొమ్మలో రెండూ ఒకే పువ్వులో ఉన్నాయి, వాడి చేతిలో ఉన్నది మగపువ్వు. బడిలో ఒక్క పాదు ఉంటే ఈ పాఠం పది నిమిషాల్లో అయిపోయేది. లక్షల్లో ఫీజులు తీసుకుంటారు గానీ గుప్పెడు మట్టి ఉండదు, అంతా టైల్సే.

అందుకని ఒక సాయంత్రం ఆరున్నరకు పిల్లల్ని మేడ మీదికి రమ్మన్నాను. వాళ్లతోపాటు నాన్నలు కూడా వచ్చారు, ఆఫీసు బ్యాగులతో సహా. సెల్‌ఫోన్ టార్చిలు వేసుకుని ఆడపూలు వెతికారు. మగపువ్వు తెంపి, రెక్కలు ఒలిచేసి, మధ్యలో మిగిలిన పుప్పొడి కాడను ఆడపువ్వు మధ్య మెల్లగా అద్దాలి, అంతే. ఒక మగపువ్వు రెండు మూడు ఆడపూలకు సరిపోతుంది. అద్దిన పువ్వు కాడకు ఎవరి రంగు దారం వాళ్లు వదులుగా కట్టారు. ఒకటో తరగతి పాప దారం కట్టి, 'ఆంటీ, ఇప్పుడు దీనికి పెళ్లయిపోయిందా?' అని అడిగింది. అయిపోయిందమ్మా అన్నాను. తర్వాతి రోజు పొద్దున పాల ప్యాకెట్ కోసం లేచినవాళ్లు కూడా ముందు మేడ ఎక్కారట. అన్నీ నిలవలేదు గానీ చాలావరకు నిలిచాయి. నిలిచిన పిందె తెలిసిపోతుంది, కాడ కిందికి వంగి రోజురోజుకూ ఊరుతుంది. రెండు వారాలకల్లా లేత కాయలు కోశాం.

అప్పటి నుంచి మా క్లబ్ వారం మధ్యలో రెండు సాయంత్రాలు. ఆదివారం లేదు. హాజరు గురించి మళ్లీ ఎవర్నీ బతిమాలే పని పడలేదు.

తాము పండించినవైతే పిల్లలు ఇష్టంగా తింటారని అంతా చెబుతుంటారు, నమ్మకండి. మా అబ్బాయి ఆ సొరకాయకు కాపలా కాశాడు, కోశాడు, ఇంటికి మోసుకొచ్చాడు, పులుసు పెడితే మాత్రం ముట్టలేదు. ఇప్పటికీ ముట్టడు.

ఇక మొక్కలు. మొదటి నెల విత్తనాలు కొనకండి, పోపుల డబ్బా చాలు. మెంతులు మూడు నాలుగు రోజుల్లో మొలుస్తాయి, పిల్లల ఓపికకు సరిగ్గా సరిపోతాయి. ధనియాలు నలిపి రెండు బద్దలు చేసి వేయాలి, మొలవడానికి వారం పది రోజులు పడుతుంది. బొబ్బర్లు, ఆవాలు ఎలాగూ వస్తాయి. తోటకూర నెల తిరక్కుండానే కోతకొస్తుంది. వీటి పక్కనే ఒక చిక్కుడు పాదు కూడా పెట్టండి, అది ఆషాఢంలో పెట్టినా పగలు తగ్గి చలి మొదలయ్యేదాకా పూయదు. ఎప్పుడు కాస్తుంది, ఎప్పుడు కాస్తుంది అని పిల్లలు నస పెడతారు, పెట్టనివ్వండి. కొట్లో ప్యాకెట్ విత్తనాలు కొంటే ఒక్క జాగ్రత్త: గులాబీ రంగులోనో నీలం రంగులోనో ఉంటే వాటికి బూజు పట్టకుండా తైరమ్ లాంటి మందు పట్టించి ఉంటారు. చిన్నపిల్లల చేతికి ఇవ్వకండి.

పెద్దవాళ్లను అదుపులో పెట్టడమే అసలు పని. పిల్ల తోటకూర గింజలు గుప్పెడు ఒకేచోట పోస్తే వాళ్లమ్మ గబుక్కున చెయ్యి పట్టుకుని 'ఇలా కాదు, ఇలా' అని తనే చల్లేస్తుంది. పోయనివ్వండి తల్లీ! ఒత్తుగా మొలుస్తుంది, పీకి పలచన చేస్తారు, పీకిందంతా పప్పులోకి వస్తుంది. ఇంటికో తొట్టి అని పంచడం కూడా వద్దు. ఒకళ్లు ఊరెళ్తే ఎండిపోతుంది, పక్కింటి వాళ్లది బాగా కాస్తే మొహాలు మాడతాయి. తొట్లు అందరివీ, పనులు మాత్రం ఇంటికొకటి. ఇంత చెప్పినా టమాటాల దగ్గర గొడవ వస్తుంది, అది ఎలాగూ తప్పదు.

ఆవుపేడ, మూత్రంతో చేసే ద్రవ ఎరువు జీవామృతం చేస్తామని ఎవరో ఒకరు ఉత్సాహపడతారు. ప్రకృతి సేద్యం ప్రచారం చేసిన సుభాష్ పాలేకర్ గారి లెక్కను 20 లీటర్ల నీళ్లకు తగ్గించుకుంటే ఆవుపేడ కిలో, మూత్రం లీటరు, బెల్లం 200 గ్రాములు, శనగపిండి 200 గ్రాములు, గుప్పెడు మట్టి. మొక్కలకు మంచిదే. కానీ పేడ బకెట్‌ను లిఫ్టులో మాత్రం తీసుకెళ్లకండి. మా దగ్గర దానిమీద ప్రత్యేకంగా మీటింగ్ పెట్టి, ఒక తీర్మానం కూడా చేశారు.

పై అంతస్తు వాళ్లకు లీకేజీ భయం ఉంటుంది, వాళ్లతో ముందే మాట్లాడుకోండి. అడుగు పొడవు, అడుగు వెడల్పు, అడుగు లోతు తొట్టి తడిమట్టితో 40 కిలోలు దాటుతుంది. అందుకే మట్టి తగ్గించి కోకోపీట్ (కొబ్బరి పీచు పొట్టు), వర్మీకంపోస్ట్ (వానపాముల ఎరువు) ఎక్కువ కలపాలి. పెద్ద డ్రమ్ములు దూలాల మీదుగానే పెట్టాలి.

వేసవిలో క్లబ్ మూసేయండి, మొహమాటం వద్దు. ఏప్రిల్ ఆఖరున సెలవులిస్తే అంతా ఊళ్లకు పోతారు, మళ్లీ బళ్లు తెరిచేది జూన్ 12 ప్రాంతంలోనే. ఆ మధ్యలో నలభై డిగ్రీల ఎండలో వాచ్‌మన్ చేత నీళ్లు పోయించడం అన్యాయం. మేం మృగశిర కార్తెకు మొదలుపెట్టి శివరాత్రి దాటాక ఆపేస్తాం. ఏడాది పొడవునా నడపాలని చూసిన క్లబ్బులన్నీ మేలోనే పోతాయి.

ఫీజు అడిగారు కదా. పెట్టకండి. నెలకు వంద కట్టినాయన కూడా 'మా వాటా సొరకాయ ఏదండీ' అంటాడు. మేం వస్తువులే తెమ్మంటాం: ఖాళీ పెయింట్ బకెట్లు, బియ్యం సంచులు, వంటింట్లో తొక్కలు. కోకోపీట్ ఖర్చు ఎంతైతే అంత అప్పటికప్పుడు పంచుకుంటాం. పెయింట్ బకెట్లు వాడితే లోపల బాగా గీకి కడగండి, నీళ్లు పోయే రంధ్రాలు అడుగునా పెట్టండి, పక్కన అడుగు నుంచి అంగుళం పైన కూడా ఒక రెండు పెట్టండి, అడుగువి మట్టితో మూసుకుపోతాయి.