నేషనల్ టీమ్ సంగతి తర్వాత, ముందు క్లబ్ చూడండి

"మా వాడికి 15 ఏళ్లు, ఫుట్‌బాల్‌లో మిడ్‌ఫీల్డర్. నేషనల్ టీమ్‌కే ఆడతానని ఒకటే పట్టు. పొట్టిగా ఉన్నాడని ట్రయల్స్‌లో రెండుసార్లు పక్కన పెట్టేశారు, గోల్స్ కూడా పెద్దగా కొట్టడు. చదువు మాన్పించి ఆటలోనే పెట్టేయమంటారా?" అని ఒక తండ్రిగారు అడిగారు.

వద్దు సార్, చదువు మాన్పించకండి. మోకాల్లో లిగమెంట్ ఒక్కటి తెగిందంటే దాదాపు ఏడాది ఇంట్లోనే. అసలు నేషనల్ టీమ్ అనేది అప్లై చేసుకునే ఉద్యోగం కాదు, జీతమిచ్చేది క్లబ్బే, అక్కడ వారం వారం బాగా ఆడుతుంటే నేషనల్ కోచ్ పిలుస్తాడు, ఏడాదిలో కొన్ని మ్యాచ్‌లు ఆడించి మళ్ళీ క్లబ్‌కి పంపేస్తారు, ఫామ్ పోతే వచ్చే లిస్టులో పేరే ఉండదు.

ఎత్తు గురించి బెంగ వద్దు. క్రొయేషియా మిడ్‌ఫీల్డర్ మోడ్రిచ్‌ని చిన్నప్పుడు బక్కపల్చగా ఉన్నాడని వద్దన్నారు, 18 ఏళ్లకి లోన్ మీద, అంటే సొంత క్లబ్ కొన్నాళ్లకి వేరే క్లబ్‌కి అప్పగిస్తే, బోస్నియా లీగ్‌లో దెబ్బలు తింటూ ఆడాడు, 2018లో తన దేశాన్ని వరల్డ్ కప్ ఫైనల్‌కి తీసుకెళ్లి, ఏటా ప్రపంచ ఉత్తమ ఆటగాడికిచ్చే బాలన్ డోర్ కొట్టాడు. ఫ్రాన్స్ మిడ్‌ఫీల్డర్ కాంటే అయితే 21 ఏళ్లకి అక్కడి మూడో స్థాయి లీగ్‌లోనే ఉన్నాడు, దేశానికి మొదటి మ్యాచ్ ఆడింది 2016లో, అప్పటికి పాతిక నిండబోతున్నాయి. ఇంకో రెండేళ్లకి వరల్డ్ కప్ చేతిలో ఉంది. గోల్స్ లెక్క కూడా స్ట్రైకర్‌కి చూడాలి గానీ డిఫెన్స్ ముందు నిలబడి ఆడేవాడికి కాదు కదా.

మీరొక పని చేయండి. వచ్చే మ్యాచ్‌లో బాల్‌ని వదిలేసి, ఓ పది నిమిషాలు మీవాడి తలనే చూడండి. బాల్ తన దాకా రాకముందే భుజాల మీదుగా అటూ ఇటూ చూసుకుంటున్నాడా, లేక బాల్ కాలికి తగిలాక అప్పుడు తలెత్తి ఎవరికివ్వాలా అని వెతుక్కుంటున్నాడా? రెండోదైతే ఈలోపే ఎదుటివాళ్లు మీద పడిపోతారు. ఇది ప్రాక్టీస్‌తో వచ్చేదే, కోచ్‌తో మాట్లాడండి.

ఇంకోటి, వేరే దేశం క్లబ్‌లో పెట్టిస్తాం డబ్బు కట్టండి అని ఏ ఏజెంటైనా వస్తే జాగ్రత్త. కొన్ని మినహాయింపులు తప్ప 18 నిండకుండా దేశం దాటి క్లబ్ మారడానికి ప్రపంచ ఫుట్‌బాల్ సంఘం ఫిఫా ఒప్పుకోదు.

పేరున్న అకాడమీలో బెంచీ మీద కూర్చోబెడుతున్నారా, చిన్న క్లబ్‌లో మ్యాచ్ మొత్తం ఆడిస్తున్నారా? నన్నడిగితే ఈ వయసులో చిన్న క్లబ్బే. పోయిన పది మ్యాచ్‌ల్లో ఎన్ని నిమిషాలు ఆడాడో రాసి పంపండి, అది చూసి మిగతాది చెప్తాను.