సూపర్‌హీరో సినిమాల్లో నవ్వులూ ఫైట్లూ సరే, మనసుకి తగిలేది ఏమైనా ఉంటుందా?

మీరు అడిగినవి రెండు. ఈ సినిమాల్లో జోకులకీ ఫైట్లకీ మధ్య ఏడుపుకి నిజంగా చోటుంటుందా అన్నది ఒకటి. ఇలాంటివంటే గిట్టని ఇంట్లోవాళ్లతో కూర్చుని చూడాలంటే ఏది పెట్టాలి అన్నది రెండోది. మొదటిదానికి నా జవాబు: ఉంటుంది, కాకపోతే పదింట్లో ఏ రెండింటిలోనో మూడింటిలోనో. మిగతావాటిలో సరిగ్గా గుండె బరువెక్కే సమయానికి ఎవడో ఒకడు వచ్చి జోకేసి పోతాడు. ఎందుకలా అంటున్నానో చెప్పాలంటే ముందు మా ఇంటి సంగతొకటి చెప్పాలి, ఏమనుకోకండి.

2018 మార్చిలో మా నాన్న పోయారు. మూడో రోజు రాత్రి ఇన్సూరెన్సు కాగితాల కోసం బీరువా సర్దుతుంటే ఆయన ఖర్చుల డైరీలు బయటపడ్డాయి. హార్డ్‌వేర్ కొట్లో గుమస్తాగా పనిచేసి మానేసిన మనిషి, ఇంట్లో కూడా పద్దు రాయందే పడుకునేవారు కాదు. మా అక్క మొగుడు ఒక డైరీ తీసి, మధ్యలో ఓ పేజీ దగ్గర ఆగి, పైకి చదివాడు: "అల్లుడు గారు వచ్చారు. మూడు రోజులు ఉన్నారు. గ్యాసు అయిపోయింది." ఒక్క క్షణం ఎవరం ఏమీ అనలేదు. అందరికంటే ముందు నవ్వింది అమ్మ. నవ్వుతూ నవ్వుతూనే కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది. ఆ తర్వాత గంటసేపు బావ ఒక్కో పేజీ చదవడం, మేం పడీ పడీ నవ్వడం. పక్కింటివాళ్లు ఏమనుకున్నారో తెలీదు.

ఇది జరిగిన నెలకేమో మార్వెల్ వాళ్ల సూపర్‌హీరో సినిమా ఇన్ఫినిటీ వార్ వచ్చింది. సంవత్సరీకాలు అయ్యేదాకా సినిమా హాలు గడప తొక్కకూడదని మా పెద్దమ్మ ఆంక్ష. "నాన్నగారే ఉంటే టికెట్ డబ్బులు పద్దు రాసి మరీ పంపేవారు, లేవరా" అని బావే లాక్కెళ్లాడు. రాజమండ్రిలో తెలుగు డబ్బింగ్ షో, హాలు నిండా కాలేజీ కుర్రాళ్లు. విలన్ థానోస్‌కి రానా గొంతు కదా, నోరు విప్పగానే ఈలలు. నేను మాత్రం ఎందుకొచ్చానా అన్నట్టు కూర్చున్నాను.

అందులో ఒక సీను ఉంది. ఉరుముల దేవుడు థోర్, రాకెట్, చెట్టుమనిషి గ్రూట్ ముగ్గురూ చిన్న అంతరిక్ష నౌకలో పోతుంటారు. గ్రూట్‌కి లోకంతో పని లేదు, వీడియో గేమ్ ఆడుకుంటున్నాడు. రాకెట్ అంటే మనిషిలా మాట్లాడే రకూన్, నోరు తెరిస్తే వెటకారమే. వాడికి ఓదార్చడం రాదు. అయినా తాను కెప్టెన్ కాబట్టి ఓ మాట పలకరించాలేమోనని మొహమాటంగా వచ్చి కూర్చుంటాడు. థోర్ మొహాన నవ్వు పెట్టుకుని, ఏదో సరుకుల చీటీ చదివినట్టు, తమ్ముడు పోయాడు, అక్క పోయింది, నాన్న, అమ్మ, ప్రాణ స్నేహితుడు అంటూ లెక్క చెప్తాడు. నవ్వు అలాగే ఉంటుంది, కన్ను మాత్రం తడుస్తుంది. ఒక్క కన్నే, రెండోది అంతకుముందు సినిమాలో పోయింది. రాకెట్ అది విని, జేబులోంచి ఒక కృత్రిమ కన్ను తీసి ఇస్తాడు. ఆ కన్ను ఎలా దాచి దొంగతనంగా తెచ్చాడో చెప్పేది శుద్ధ బూతు జోకు. హాలంతా గొల్లుమంది. నేనూ నవ్వాను, కళ్లజోడు తీసి తుడుచుకుంటూ.

ఇంటికొస్తూ దారి పొడుగునా అదే ఆలోచన. అంత దుఃఖం పక్కన అంత చవకబారు జోకు ఎలా ఇమిడింది? నాకు తోచింది ఇది. అక్కడ నవ్వుతున్నది నష్టపోయినవాడు. పక్కనున్నవాడికి మంచి మాట చేతకాదు, చేతనైంది ఒక కన్ను ఇవ్వడం, ఒక పిచ్చి జోకు వేయడం. జోకు ఆ ఏడుపు మీద దుప్పటి కప్పలేదు. డైరీ చదివిన మా బావ కూడా అంతే కదా, గ్యాసు అవగొట్టిన అల్లుడు తానే.

ఇప్పుడు అదే థోర్‌ది, దానికి ముందు ఏడాది, 2017లో వచ్చిన రాగ్నరాక్ తీసుకోండి. కథ చివర వాళ్ల లోకం ఆస్‌గార్డ్ మొత్తం కళ్లముందే కూలిపోతోంది. ఉన్న ఊరు పోయిన జనం ఓడలోంచి చూస్తున్నారు. అప్పుడు కోర్గ్ అనే రాతిమనిషి, పునాదులు గట్టిగా ఉన్నాయి కదా మళ్లీ కట్టుకోవచ్చు అంటాడు, అనేలోపే అంతా పేలిపోతుంది, అయ్యో పునాదులు కూడా పోయాయి సారీ అంటాడు. ఆ లోకం వాడిది కాదు. పోయింది వాడికేమీ లేదు. మంచి జోకే, నేనూ నవ్వాను, కానీ నవ్వాక ఆ కూలిన ఊరు నా లెక్కలోంచి పోయింది. జనం మౌనంగా నిలబడి చూసే పది సెకన్లు ఇవ్వడానికి సినిమాకి ధైర్యం చాల్లేదనిపించింది.

అలాగని రాగ్నరాక్ చెత్త అనను, నాలుగు సార్లు చూశాను. అంతకుముందు రెండు థోర్ సినిమాల్లో హీరో నిటారుగా నిలబడి నాటకం పద్యాలు అప్పజెప్పినట్టు మాట్లాడేవాడు, వాడికి ప్రాణం పోసింది రాగ్నరాక్ దర్శకుడు టైకా వైటిటి హాస్యమే. మాటల్లో చాలావరకు సెట్లో అప్పటికప్పుడు అల్లుకున్నవేనని ఆయనే చెప్పాడు. అందుకే అంత సరదాగా ఉంటుంది, అందుకే ఎక్కడ ఆపాలో కూడా తెలీదు. 2022లో వచ్చిన ఆయన తర్వాతి థోర్ సినిమా లవ్ అండ్ థండర్‌లో ఈ రోగం ముదిరింది. ఒక పక్క థోర్ ప్రియురాలు జేన్‌కి చివరి దశ క్యాన్సర్. ఇంకో పక్క గొంతు చించుకుని అరిచే మేకలు. మొదటి సీనులోనే విలన్ కూతురు వాడి ఒళ్లోనే చనిపోతుంది, ఆ తండ్రిగా క్రిస్టియన్ బేల్ ప్రాణం పెట్టి చేశాడు. ఆ సినిమా, మేకల సినిమా ఒకే టికెట్ మీద వచ్చిన రెండు వేరు వేరు సినిమాల్లా ఉంటాయి.

"అయితే జోకులు తీసేస్తే లోతు వస్తుందిగా" అనే వాదన ఒకటుంది, ముఖ్యంగా మార్వెల్‌కి పోటీ కంపెనీ అయిన డీసీ అభిమానుల్లో. పూర్తిగా ఒప్పుకోను. మొహం మాడ్చుకున్నంత మాత్రాన బరువు రాదు. కానీ డీసీ వాళ్ల జస్టిస్ లీగ్ సంగతి ఆసక్తిగా ఉంటుంది. దర్శకుడు జాక్ స్నైడర్ తన కూతురు చనిపోవడంతో మధ్యలో తప్పుకున్నాడు, వేరే దర్శకుడు కొత్త సీన్లు తీసి, చమత్కారాలు చేర్చి, 2017లో రెండు గంటల సినిమాగా వదిలారు. 2021లో స్నైడర్ తన పద్ధతిలో నాలుగు గంటల సినిమా ఇచ్చాడు. అందులో సైబోర్గ్ అనే హీరో తండ్రి కొడుకు కళ్లముందే ప్రాణత్యాగం చేస్తాడు. 2017 సినిమాలో ఆ చావే లేదు. తేడా జోకుల్లోనే కాదు. తండ్రీ కొడుకుల మధ్య పంతం ముందు పరిచి, తర్వాత తెంపడానికి నిడివి కావాలి. రెండు గంటల్లో ఆరుగురు హీరోలు, ఒక విలన్, వాడు వెతికే మూడు శక్తి పెట్టెలు ఇరికిస్తే ముందు ఎగిరిపోయేది అదే. నాలుగు గంటలు మరీ ఎక్కువనుకోండి, అది వేరే గొడవ.

నా దృష్టిలో ఈ విద్య బాగా తెలిసినవాడు జేమ్స్ గన్. 2023లో ఆయన తీసిన గార్డియన్స్ ఆఫ్ ద గెలాక్సీ మూడో భాగంలో (రాకెట్, గ్రూట్ ఉండే జట్టు ఇదే) డ్రాక్స్‌ని చూడండి. మొదటి సినిమా నుంచీ వాడు మన నవ్వుల మనిషి, చెప్పింది చెప్పినట్టే అర్థం చేసుకునే మొద్దు. వాడి పెళ్లాం, కూతురు హత్యకు గురయ్యారన్న సంగతి ఆ జోకుల మధ్య మనమే మర్చిపోయాం. ఈ మూడో భాగంలో బోన్లలో బందీలైన పిల్లలు భయంతో వణికిపోతుంటే, డ్రాక్స్ కోతిలా శబ్దాలు చేసి నవ్విస్తాడు. మామూలుగా వేసే వేషమే. తీరా చూస్తే వాళ్ల భాష కూడా వాడికి వచ్చు, ఇన్నాళ్లూ ఎవరూ అడగలేదంతే. అప్పుడు జట్టులోని నెబ్యులా, ఎవరితోనూ మెత్తగా మాట్లాడని నెబ్యులా, నువ్వు పుట్టింది నాశనం చేయడానికి కాదు, నాన్నగా ఉండటానికి అంటుంది. తొమ్మిదేళ్లుగా మనం నవ్వుకున్న మొద్దుతనం ఒక్క దెబ్బకి బిడ్డని పోగొట్టుకున్న తండ్రి వెలితిగా కనబడుతుంది. ఫైట్లు, గ్రాఫిక్సు డబ్బు పెడితే ఎవరైనా తీస్తారు. ఇది రాసుకోవాలి.

ఇక మీ రెండో ప్రశ్న. ఇంట్లోవాళ్లతో అయితే మార్వెల్ వరుసలో మధ్యలో ఏదో పెట్టకండి, "వీడెవడు, వాడెవడు" అని చెప్పలేక చస్తారు. 2004 నాటి స్పైడర్ మ్యాన్ రెండో భాగం పెట్టండి, సామ్ రైమీ తీసింది. పీటర్ పార్కర్ పిజ్జాలు ఆలస్యంగా చేర్చి ఉద్యోగం పోగొట్టుకుంటాడు, అద్దె బకాయి, కాలేజీలో తిట్లు. చీపుర్ల గదిలోంచి బయటికి రాబోతే చీపుర్లు మీద పడుతూనే ఉంటాయి. నవ్వంతా వాడి దరిద్రం మీదే, అందుకే వాడు మనవాడైపోతాడు. మధ్యలో బల్ల దగ్గర కూర్చుని మే ఆంటీకి నిజం చెప్తాడు (మన వరసలో పెద్దమ్మ), పెదనాన్న చావులో తన తప్పు ఉందని. ఆవిడ ఏమీ అనదు. పట్టుకున్న చెయ్యి వెనక్కి తీసుకుని మేడ మీదికి వెళ్లిపోతుంది. జోకు లేదు, ఉపన్యాసం లేదు. మా అమ్మ ఆ సినిమా మొత్తం మీద అడిగిన ప్రశ్న ఒక్కటే: "ఆవిడ మళ్లీ మాట్లాడిందా లేదా?"

మన దగ్గరివి కావాలంటే మలయాళం సినిమా మిన్నల్ మురళి తెలుగు ఆడియోతోనే నెట్‌ఫ్లిక్స్‌లో దొరుకుతుంది, బాసిల్ జోసెఫ్ తీశాడు, 2021. హీరో టైలరు, వాడికి శక్తులు నేర్పేది చిన్న మేనల్లుడు, హాయిగా నవ్వుకుంటారు. కానీ మీతో ఇంటికొచ్చేది విలన్ షిబు. ఊరంతా వెలివేసినట్టు చూసే మనిషి, ఒక్క ఆడదాని కోసం ఏళ్లకేళ్లు ఎదురుచూస్తాడు. ఆ వేషం వేసిన గురు సోమసుందరం మొహం చూస్తుంటే హీరో గెలవాలో వద్దో తేల్చుకోలేం. మన హను-మాన్‌లో కామెడీ మోతాదు నాకు కాస్త ఎక్కువైంది, అయినా అక్కాతమ్ముళ్ల బంధం సినిమాని నిలబెట్టింది.

ఒక్క జాగ్రత్త. గార్డియన్స్ మూడో భాగం చిన్నపిల్లలతో పెట్టుకోకండి. పోస్టర్ మీద రకూన్ బొమ్మ చూసి ముచ్చటపడి ఎనిమిదేళ్ల మా మేనకోడలిని తీసుకెళ్లాం. బోనులో రాకెట్ స్నేహితుల సీను రాగానే వెక్కిళ్లు మొదలు. నేను దాన్ని ఎత్తుకుని బయటికొచ్చి పాప్‌కార్న్ కౌంటర్ దగ్గర నిలబడ్డాను, బావ మాత్రం టికెట్ దండగని లోపలే కూర్చున్నాడు. "ఆ సీలు కుక్కపిల్లకి ఏమైంది మామయ్యా?" అని అడిగింది. అది నీటికుక్క, పేరు లైలా, బానే ఉందన్నాను. సినిమా అయ్యాక బావ ఎర్రబడ్డ కళ్లతో వచ్చి, పిల్ల చూడకుండా నా వైపు అడ్డంగా తల ఊపాడు.