బాటనీ పదాన్ని తోక దగ్గర పట్టుకోవాలి

ప్రశ్న: మా అమ్మాయి టెన్త్ దాకా తెలుగు మీడియం. ఇప్పుడు ఇంగ్లిష్ మీడియంలో ఇంటర్ బైపీసీ ఫస్టియర్. జువాలజీ ఎలాగో నెట్టుకొస్తోంది గానీ, బాటనీ పదాలు రాత్రి బట్టీపడితే పొద్దుటికి మర్చిపోతోంది. సీఈసీకి మార్చేయమని ఏడుస్తోంది. మార్చమంటారా?

జవాబు: అప్పుడే వద్దండీ. నీట్‌లో 180 ప్రశ్నలుంటే 90 బయాలజీవే. నోరు తిరగని పదాలకు భయపడి ఆ దారి వదులుకోవడం తొందరపాటు.

పాప ఒక్కో పదాన్నీ ఫోన్ నంబర్‌లా బట్టీపడుతోందని నా అనుమానం. అవి చాలావరకు గ్రీకు ముక్కల అతుకులు. కరివేపాకు, తమలపాకు అనగానే చివర్లో ‘ఆకు’ విని అదేమిటో తెలిసిపోతుంది కదా, ఇవీ అంతే. ‘ఫిల్’ అంటే ఆకు. మీసోఫిల్ అంటే ఆకు నడిమి కణజాలం. ‘ఫైట్’ అంటే మొక్క. జీరోఫైట్‌లో జీరో సున్నా కాదు, పొడిదనం; అంటే నీళ్లు తక్కువున్న చోట బతికే మొక్క. ‘స్పెర్మ్’ అంటే విత్తనం. జిమ్నోస్పెర్మ్ అంటే ఒంటిమీద బట్టలేని విత్తనం. మనం వెళ్లే జిమ్ కూడా ఆ ‘జిమ్నోస్’ నుంచి వచ్చిందే, పాతకాలం గ్రీకులు బట్టల్లేకుండా కసరత్తు చేసేవారు మరి! ఇది చెప్పాక క్లాసులో ఎవరూ మర్చిపోరు.

‘కార్ప్’ అంటే పండు. మామిడిపండు కోసి చూపించండి: తొక్క ఎపికార్ప్, గుజ్జు మీసోకార్ప్, టెంక ఎండోకార్ప్. శేషాచలం కొండల ఎర్రచందనం పేరు టెరోకార్పస్, అంటే రెక్కల కాయ. కాయ చుట్టూ పల్చటి రెక్క నిజంగానే ఉంటుంది.

ఒకచోట మాత్రం జాగ్రత్త. హైడ్రోఫిలీలో ఉన్నది ఆకు కాదు, ఇష్టం. నీటి ద్వారా జరిగే పరాగ సంపర్కం అది. స్పెల్లింగులో ‘పీహెచ్’ తర్వాత ‘వై’ ఉంటే ఆకు, ‘ఐ’ ఉంటే ఇష్టం.

మొక్కల కణజాలాల పేర్లు పారెంకైమా, కోలెంకైమా, స్క్లీరెంకైమా దగ్గర తోక ఒకటే కాబట్టి తల చూడాలి. కోలా జిగురు, స్క్లీరో గట్టి. జామపండు కొరికితే పంటికింద గరగరలాడేవి స్క్లీరెంకైమా కణాలే.

పాత నోట్‌బుక్ ఒకటి ఇచ్చి, పేజీకో తోక రాయించండి. పాఠంలో ఆ తోక కనపడ్డప్పుడల్లా పదాన్ని దాని కింద చేర్చమనండి. నెలరోజుల తర్వాత కూడా ఏడుస్తుంటే బెడద పదాలతో కాదు, సబ్జెక్టుతోనే. అప్పుడు అమ్మాయిని కూర్చోబెట్టుకుని సీఈసీ సంగతి మాట్లాడండి.