గచ్చుకి ఎపాక్సీ వేయబోతున్న మా అమ్మాయికి

చి.ల.సౌ. చిట్టితల్లికి,

బాబాయి ఆశీస్సులు. డల్లాసులో మీ ఇంటి గ్యారేజీ గచ్చుకి నువ్వే ఎపాక్సీ, అదే రెసిన్, హార్డెనర్ అని రెండు ద్రవాలు కలిపి పోసే గట్టి పూత, వేయబోతున్నావని మీ అమ్మ ఫోనులో చెప్పింది. "మనిషిని పెట్టుకుంటే పోయేదానికి ఈ తాపత్రయం ఎందుకో చెప్పు" అని ఆవిడ గోల. నాకైతే గర్వంతో మాట రాలేదు. జీడిమెట్ల, పటాన్‌చెరు వైపు మందుల కంపెనీల్లో గచ్చులు వేయిస్తూనే నా ఉద్యోగమంతా గడిచింది. మన ఇంట్లో ఇంకెవరికీ ఆ పని మీద ఇంత ఇష్టం కలగలేదు, నీకు కలిగింది. కానీ రాత్రి పడుకున్నాక భయం మొదలైంది. ఈ పని ఎక్కడ తిరగబడుతుందో నాకు తెలుసు. ఫోనులో చెబితే సగం విని "సరే బాబాయ్" అంటావు. అందుకే రాస్తున్నాను.

సామాన్లు బయట పెట్టడం, ఊడవడం, నూనె మరకల్ని డీగ్రీజర్‌తో తోమడం, గోడల అంచున టేపు వేయడం నీకు నేను నేర్పాలా? అవి కానిచ్చెయ్. నేను చెప్పదలచుకున్నది చెమ్మ గురించి.

చాలా ఏళ్ళ కిందట ఒక మందుల కంపెనీ కొత్త షెడ్డు కట్టింది. వానాకాలం. కాంక్రీటు పోసి ఎన్నాళ్ళో కాలేదు, పైగా నేలలోని చెమ్మని ఆపే పాలితిన్ షీటు కింద పరవలేదు. మా పెద్ద ఇంజినీరు గారు ఆరడానికి ఇంకొంత గడువు కావాలని గట్టిగా అడిగారు. అక్కడి మేనేజరు వినలేదు. తనిఖీకి వచ్చే తేదీ ఖరారైపోయిందట. "పైకి పొడిగానే ఉందిగా, కానివ్వండి" అన్నాడు. గచ్చు పైపొరని అరగదీసే గ్రైండింగ్‌కి కూడా టైము లేదన్నాడు. వేశారు. అద్దంలా మెరిసింది. తనిఖీకి వచ్చినవాళ్ళు మెచ్చుకుని వెళ్ళారు కూడా.

కొన్ని నెలలకి బొబ్బలు లేచాయి. మొదట రూపాయి బిళ్ళంత, తర్వాత అరచేయంత. నేను మోకాళ్ళ మీద కూర్చుని ఒకదాన్ని స్క్రూడ్రైవరుతో పొడిచాను. లోపల్నుంచి చిక్కటి గోధుమరంగు నీళ్ళు చొక్కా మీదకి చిమ్మాయి. కాంక్రీటులోని చెమ్మ పైకి వస్తుంది, పూత దారి ఇవ్వదు. సందులో చేరిన నీళ్ళకి ఒత్తిడి పెరిగి పూతని లేపేస్తుంది. అంచు పట్టుకుని లాగితే పెనం మీద అట్టు లేచినట్టు లేచి వచ్చింది. తిరగేసి చూస్తే వెనకవైపు తెల్లగా సన్నటి సిమెంటు పొర అంటుకుని ఉంది. కాంక్రీటు పోసినప్పుడు పైకి తేలి ఎండిపోయే సిమెంటు పాలు అవి. గ్రైండింగ్ చేసి ఉంటే ఆ పొర పోయేది. అంటే ఆ ఎపాక్సీ గట్టి కాంక్రీటుని పట్టుకోనే లేదు తల్లీ, ఆ పొడిని పట్టుకుంది.

అసలు బాధ తర్వాత మొదలైంది. పాతదంతా గీకాలి. కొన్ని చోట్ల రెసిన్, హార్డెనర్ సరిగ్గా కలవక జిగురుగా మిగిలిపోయింది. మా జట్టులో ఒక కుర్రాడు, మహా అయితే ఇరవై ఏళ్ళుంటాయి, చెమటకి గ్లవుజులు జారిపోతున్నాయని వట్టి చేతులతో గీకాడు. సాయంత్రం అంటుకున్నదంతా థిన్నరుతో కడుక్కున్నాడు. కొన్నాళ్ళకి వేళ్ళ సందుల్లో దద్దుర్లు, తర్వాత రెప్పలు వాచిపోయి కళ్ళు తెరవలేకపోయాడు. మందులకి తగ్గింది. మళ్ళీ పనిలోకి వచ్చి డబ్బా మూత తీశాడో లేదో మళ్ళీ మొదలు. ఎపాక్సీకి ఒకసారి అలర్జీ మొదలైతే ఆ తర్వాత చుక్క తగిలినా చాలు. చేతికొచ్చిన పని వదిలేసి వెళ్ళిపోయాడు ఆ పిల్లవాడు. వాడి చేతులు నాకు ఇప్పటికీ గుర్తొస్తాయి, నీ పని సంగతి విన్నప్పుడు ముందు అవే గుర్తొచ్చాయి.

కాబట్టి నైట్రైల్ గ్లవుజులు వేసుకోవాల్సిందే. పలచటి లేటెక్స్‌వి వద్దు. చిరిగితే వెంటనే మార్చు, పెట్టె నిండా కొనుక్కో. నిండు చేతుల చొక్కా, కళ్ళద్దాలు పెట్టుకో. ఒంటి మీద పడితే సబ్బు, నీళ్ళు అంతే. థిన్నరు, ఎసిటోన్ చర్మానికి తగలనివ్వకు, అవి రెసిన్‌ని ఇంకా లోపలికి పంపుతాయి. బుడ్డోణ్ణి ఆ రెండు మూడు రోజులూ గ్యారేజీ తలుపు దగ్గరికి కూడా రానివ్వద్దని అల్లుడికి నా మాటగా చెప్పు.

ఇక పరీక్ష. పద్దెనిమిది అంగుళాల చదరం పాలితిన్ ముక్కలు కోసి నాలుగైదు చోట్ల, ముఖ్యంగా గోడవార, షట్టరు దగ్గర, నాలుగు వైపులా గాలి దూరకుండా టేపు వేసి అంటించు. కనీసం 16 గంటలు అంటారు, నువ్వు రెండు రోజులు ఉంచు. తీసినప్పుడు లోపల నీటి బొట్లున్నా, కింద గచ్చు నల్లబడినా ఆగిపో. అప్పుడు కాల్షియం క్లోరైడ్ కిట్టుతో కొలవాలి. వెయ్యి చదరపు అడుగులకి రోజుకి 3 పౌన్లు దాటి ఆవిరి వస్తుంటే మామూలు ఎపాక్సీ నిలవడం కష్టం, చెమ్మని ఆపే ప్రైమరు వేరే ఉంటుంది. గచ్చులోకి డ్రిల్లు వేసి తేమ కొలిచే పద్ధతి కూడా ఉంది కానీ నువ్వు చేయకు. మీ వైపు బంకమట్టి నేలలు కాబట్టి చాలా ఇళ్ళకి పోస్ట్ టెన్షన్ స్లాబులే వేస్తారు. లోపల బిగించిన కేబుళ్ళుంటాయి. అలాంటి స్లాబైతే మామూలుగా గ్యారేజీ గచ్చు మీద ఒక మూల ఆ హెచ్చరిక ముద్ర ఉంటుంది, వెతుకు.

గచ్చు మీద నీళ్ళు చల్లి చూడు. ఇంకకుండా ముత్యాల్లా నిలిస్తే నీళ్ళు ఇంకనివ్వని పాత సీలరు పూత ఉన్నట్టు. ఎలాగూ గ్రైండరు అద్దెకి తెస్తావు కదా, దాంతో ఆ సీలరు కూడా పోతుంది. గచ్చుని గరుకు చేయడానికి యాసిడ్ జోలికి వెళ్ళకు. ఎపాక్సీ కిట్టులో ఇచ్చే యాసిడ్ పొడితో కడిగినా గచ్చు మళ్ళీ తడిసిపోతుంది, ఆరేదాకా రోజులు కాచుకోవాలి. డైమండ్ గ్రైండరుకి వాక్యూమ్ తగిలించి, మంచి మాస్కు పెట్టుకుని చెయ్యి. ఆ దుమ్ములో సిలికా ఉంటుంది, ఊపిరితిత్తుల్లో చేరితే బయటికి రాదు. అరచేత్తో రాస్తే ఉప్పు కాగితం గరుకు తగిలితే చాలు. బీటలు ఎపాక్సీ ఫిల్లరుతో నింపు.

కొనేటప్పుడు ఒక లెక్క గుర్తుపెట్టుకో. నూటికి నూరు శాతం సాలిడ్స్ ఉన్నదైతే, అంటే ఆరేటప్పుడు ఆవిరైపోయేది ఏమీ లేనిదైతే, ఒక గాలన్ 10 మిల్స్ (అంగుళంలో వెయ్యో వంతు ఒక మిల్) మందంతో 160 చదరపు అడుగులు వస్తుంది. మీది రెండు కార్ల గ్యారేజీ, 400 అడుగులనుకుంటే ఒక కోటుకి రెండున్నర గాలన్లు. నీళ్ళతో కలిపిన చవక రకం ఆరాక పలచబడుతుంది, దానితో సరిపెట్టుకోకు. ఎండ పడే షట్టరు వైపు ఎపాక్సీ పసుపెక్కుతుంది, పైన పాలీయాస్పార్టిక్ గానీ ఎండకి తట్టుకునే పాలీయురెథేన్ గానీ ఒక కోటు వెయ్యి.

ఎండాకాలం వద్దు. అక్టోబరు, నవంబరు బాగుంటాయి. సాయంత్రం మొదలుపెట్టు. పొద్దున్నే వేస్తే గచ్చు వేడెక్కుతూ లోపలి గాలి వ్యాకోచించి బుడగలు తెస్తుంది. గచ్చు వేడి డ్యూ పాయింటు కన్నా, అంటే గాలిలోని చెమ్మ నీటి బొట్లుగా మారే వేడి కన్నా, కనీసం 5 డిగ్రీల ఫారన్‌హీట్ ఎక్కువుండాలి. వాటర్ హీటరు గ్యారేజీలోనే ఉంటే, అందులో ఎప్పుడూ వెలిగే చిన్న పైలట్ మంట ఉంటే, గ్యాసు కట్టేసి ఆర్పేశాకే డబ్బా మూత తియ్యి. థిన్నరు ఆవిరి బరువుగా నేల మీదే పాకుతుంది. ఈ ఒక్కటీ మర్చిపోయావని తెలిస్తే నాకు నిద్రపట్టదు.

కొలత డబ్బా మీద రాసినట్టే, కళ్ళతో కాదు. తక్కువ స్పీడు డ్రిల్లుతో మూడు నిమిషాలు కలిపి, వేరే బకెట్‌లోకి ఒంపి మళ్ళీ కలుపు. కలపగానే గచ్చు మీద పోసేయాలి. బకెట్‌లో ఉంచితే వేడెక్కి పొగలు కక్కుతుంది. ఖాళీ అయ్యాక బకెట్ బోర్లించి గోడలు గీకకు, ఆ కలవని చుక్కలే తర్వాత జిగురు మచ్చలవుతాయి. లోపలి మూల నుంచి షట్టరు వైపు వెనక్కి నడుస్తూ రా. మధ్యలో మీ అమ్మ ఫోను చేసినా ఎత్తకు, నేను చెప్పానని చెప్పు.

మర్నాడు నడవచ్చు. కారు మాత్రం వారం దాకా పెట్టొద్దు. రోడ్డు మీద వేడెక్కిన టైరు ముదరని పూతని పట్టుకుని పీకేస్తుంది. అల్లుడు తొందరపడతాడు, తాళాలు నీ దగ్గర ఉంచుకో.

పాలితిన్ ముక్కలు తీసిన రోజు ఒక్కొక్కటి దగ్గరగా ఫోటో తీసి పంపు. నేను చూసి సరేననేదాకా రెసిన్ డబ్బా తెరవకు.

ఇట్లు,
మీ బాబాయి