‘అగ్నోయా’ గురించి రాసిన తమ్ముడికి

ప్రియమైన తమ్ముడికి, వందనాలు.

నీ వ్యాసం అందింది. నీ వాక్యం సాఫీగా నడుస్తుంది. కానీ అపొస్తలుల కార్యములు 3:17లో యేసును మరణానికి అప్పగించిన యెరూషలేము జనంతో ‘తెలియక చేశారు’ అంటూ పేతురు పలికిన ‘అగ్నోయా’ (తెలియకపోవడం) అనే గ్రీకు మాటకు ‘చదువు లేని మూర్ఖత్వం’ అని అర్థం చెప్పి, ఆ జనాన్ని ఒక్క మాటతో తీసిపారేసిన చోట నా మనసు చివుక్కుమంది.

ఆ వచనం ‘సహోదరులారా’ అనే పిలుపుతో మొదలవుతుంది. నీవు దాన్ని వదిలేశావు. ‘మీరును మీ అధికారులును’ అంటూ పేతురు చదువుకున్న పెద్దలను కూడా అందులో కలిపాడు. ఆ మరుసటి అధ్యాయంలోనే ఆ పెద్దలు పేతురు యోహానులను ‘విద్యలేని పామరులు’గా గుర్తించి ఆశ్చర్యపడతారు, అక్కడ ఆ గ్రంథకర్త లూకా రాసిన మాట ‘అగ్రమ్మతోయ్’, పూర్తిగా వేరే మాట. పేరున్న ధర్మశాస్త్ర బోధకుడు గమలీయేలు దగ్గర చదువుకున్న పౌలు సైతం, సంఘాన్ని హింసించిన రోజులను తలచుకుంటూ, తిమోతికి రాసిన మొదటి పత్రికలో ‘తెలియక’ చేశానని ‘అగ్నోయా’కు చుట్టమైన క్రియతోనే చెప్పుకున్నాడు. కళ్లెదుట నిలిచినవాడు ఎవరో పోల్చుకోలేకపోవడానికి చదువు అడ్డు రాలేదు.

అలాగని ఆ మాట నేరాన్ని మాఫీ చేయదు. రెండు వచనాల తరువాత పేతురు మారుమనస్సు పొందమనే అంటాడు. ఎఫెసీయులకు రాసిన పత్రిక 4:18లో అదే మాట హృదయ కాఠిన్యంతో ముడిపడుతుంది; ఏథెన్సులో పౌలు ‘అజ్ఞానకాలములు’ అన్నప్పుడు దేవుని ఓర్పు ముందుకు వస్తుంది. ఈ నామవాచకం కొత్త నిబంధనలో కనిపించేది 4 చోట్లే, నాలుగోది పేతురు మొదటి పత్రిక 1:14లో. వాటిని పక్కపక్కన రాసుకుని చదవకుండా నిఘంటువు తెరవకు. గ్రీకు మాటను ‘అ’ అనీ ‘గ్నో’ అనీ విరిచి ప్రసంగం అల్లే ఫ్యాషన్ మన పత్రికలను చాలా పాడుచేసింది.

నా తొలి రోజుల్లో ఒక మాసపత్రిక సంపాదకుడు నా వ్యాసంలోని వచనాల పోలికనంతా కొట్టేసి, గ్రీకు మాటను మాత్రం పెద్ద అక్షరాల్లో శీర్షికగా వేశారు. అడిగితే, పాఠకులకు వచనాలు బరువవుతాయన్నారు. ఆ పత్రికకు నేను మళ్లీ రాయలేదు. పోలిక విడమరిచి చూపిస్తే మన పాఠకుడు ఓపికగా చదువుతాడని అప్పుడూ నమ్మాను, ఇప్పుడూ నమ్ముతున్నాను.

ప్రచురణ గురించి నీవడిగినవి తరువాత చూద్దాం. ముందు ఆ పేరాను ‘సహోదరులారా’ దగ్గర నుంచి తిరిగి రాసి, ఎవరికీ పంపకముందే నాకు పంపు.

నీ మేలు కోరే,
అన్న